నాలుగూ పది నీడ

నేనేం పని చేస్తానో మా వీధిలో సగం మందికి తెలీదు. వాన ఆఫీసు పిల్ల అంటారు. వాన పడకపోతే నన్ను అడుగుతారు, పడితే నన్నెవరూ తలుచుకోరు. ఒకామె అయితే టీవీలో తుపాను గురించి చెప్పేది నేనేననుకోని, "రోజూ అదే పచ్చ చీరేనా, ఇంకోటి లేదా నీకు" అని నిలదీసింది. నేను చెప్పేదాన్ని కాదు తల్లీ, తుడిచేదాన్ని.

మా ఆఫీసు తోటపల్లి గూడూరు దాటి, రొయ్యల గుంటలన్నీ దాటి, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. చిన్న మిద్దె, చుట్టూ ప్రహరీ, లోపల గాలినీ వాననీ ఎండనీ కొలిచే సామాన్లు. ఇనుమనేది ఏదున్నా ఆరు నెలల్లో తినేసే గాలి మాది. నేను పదో తరగతి పాసై, ఐటీఐలో రెండేళ్ళు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్చుకోని, ఆ సామాన్లకి పట్టిన ఉప్పు తుడిచే సహాయకురాలిగా చేరినా. గాలి కొలిచే గిన్నెలకి నూనె పెడతా. వాన గొట్టంలో పడిన చీమల్ని తీస్తా. చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లుంటే ఒకదానికి తడిగుడ్డ చుట్టి పెడతాం, ఆ గుడ్డ మారుస్తా. చేరిన మొదటి రోజు దాన్ని చూసి, "దీనికి జొరమా సార్" అని అడిగినా. సారు నవ్వలేదు. చెక్కపెట్టె తలుపు మూసి, "జోకులు పెట్టె బయట" అన్నారు.

మా సారు ముప్పై ఏళ్ళకి దగ్గరగా పరిశీలకుడి పనిలో ఉన్నారు. ఇంకొన్ని నెలల్లో రిటైరవుతారు. ఇన్నేళ్ళలో పైఆఫీసు నుంచి "ఈ లెక్క ఎందుకిట్టా ఉంది" అని ఒక్క కాయితం కూడా రాలేదంట. ఆ మాట రోజుకొకసారన్నా చెప్తారు, భోజనం తర్వాత వక్కపొడి వేసుకున్నట్టు. ఆయన మా చర్చిలో సంఘ పెద్ద కూడా. అంటే ఆరు రోజులు ఆఫీసులో నా తప్పులు చూస్తారు, ఏడో రోజు చర్చిలో మా అమ్మ పక్క బెంచీలో కూర్చుంటారు. నాకు తప్పించుకునే రోజంటూ లేదు.

ఇప్పుడు గాజుగుండు సంగతి చెప్పాల. మిద్దె మీద పడమటి అంచుకి దగ్గర, నా గుండెల ఎత్తున ఒక ఇటుక దిమ్మె ఉంటుంది. దాని మీద పెద్ద నారింజకాయంత గాజుగుండు. గుండు వెనకాల వంచిన గిన్నెలాంటి దాంట్లో సన్నటి నీలం అట్ట దోపుతాం. ఎండ గుండులోంచి దూరి ఆ అట్టని సూదితో గీసినట్టు కాలుస్తా పోతుంది. మబ్బొస్తే కాలడం ఆగిపోతుంది, మబ్బు పోతే మళ్ళీ మొదలు. పొద్దు గూకినాక అట్ట తీసి చూస్తే, ఆ రోజు ఎప్పుడు ఎండ కాసిందో ఎప్పుడు కాయలేదో ఆ కాలిన గీతే చెప్తుంది. దాన్ని మేం ఎండకార్డు అంటాం. గంటకెంత కాలిందో స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసేది నేనే. ఆదివారం మాత్రం సారే చర్చికి పోయే ముందు వచ్చి అట్ట దోపి పోతారు.

"గుండు దగ్గర ఎవరూ నిలబడకూడదు" అని సారు మొదటి వారమే చెప్పినారు. నేను నిలబడలేదు కూడా. నేను నిలబడింది సిగ్నల్ దగ్గర.

మా ఆఫీసులో ఫోను పలకదు. కింద గదిలో ఒక్క గీత కూడా రాదు. మిద్దె మీద కూడా అంతటా రాదు. ఆ దిమ్మెకి పడమటి పక్క, దాని మీద మోచేయి ఆనించి, సముద్రం వైపు మొహం పెడితే రెండు గీతలు వస్తాయి. గాలి కూడా బో బాగుంటుంది. నాకు ఆ చోటు ఎందుకు కావాల్సొచ్చిందంటే, జనవరిలో నాకు ప్రధానం అయింది. ప్రధానం అంటే మా చర్చిల్లో పెళ్ళి మాట ఖాయం చేసి, పాస్టరుగారు ప్రార్థన చేసి ఉంగరాలు మార్పించడం. అబ్బాయిది బోగోలు. పడవల ఇంజన్లు రిపేరు చేస్తాడు. పెద్దగా మాట్లాడడు. నేను ఒక గంట మాట్లాడితే ఆయన రెండు మాటలంటాడు, ఆ రెండూ నాకు రెండు రోజులు సరిపోతాయి.

ప్రధానం అయిపోయింది, పెళ్ళి మాత్రం ఈస్టరు తర్వాతే. ఎందుకంటే మధ్యలో శ్రమకాలం వస్తుంది. భస్మ బుధవారం నుంచి నలభై దినాలు మా వాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. ఇంట్లో ఒక్కొక్కరు తమకి ఇష్టమైంది ఒకటి మానేస్తారు. ఆ బుధవారానికి ముందు రోజు రాత్రి అన్నాలు తింటా ఉంటే మా అమ్మ అందరికీ పంచిపెట్టింది.

"నేను మాంసం మానేస్తా. మీ నాయన చుట్ట మానేస్తాడు. నువ్వు ఫోను మానెయ్."

"ఫోను లేకపోతే ఆఫీసులో ఎట్టామ్మా?"

"ఫోను ఎవరు మానెయ్యమన్నారు. ఆ పిల్లోడితో ఫోను."

మా నాయన పళ్ళెంలోకి చూస్తా ఉండిపోయినాడు. చుట్ట పోయిన బాధలో ఉన్నాడు, నా బాధ ఆయనకెక్కడ కనపడుతుంది. ఒక్క వెసులుబాటు ఉంది. శ్రమకాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ ఎదురుగా కూర్చోని, స్పీకరు పెట్టి, ఆ పిల్లోడితో మాట్లాడొచ్చు. మా అమ్మ ముందు ఆయన "భోంచేసినారా" తప్ప ఇంకోటి అడగలేడు. అడిగిందానికి మా అమ్మే జవాబు చెప్పేది.

మిగతా ఆరు రోజులూ సాయంత్రం నాలుగున్నరకి బోగోల్లో వాళ్ళ ఇంజన్ల షెడ్డులో టీ బ్రేకు. నాలుగున్నరకి నేను మిద్దె మీద. సారు ఆ వేళకి కింద గదిలో రోజు లెక్కలు కూడుతా ఉంటారు, ఐదు దాకా లేవరు. ఐదుకి అయిదు నిమిషాలు తక్కువలో దిగేసి చీపురు పట్టుకుంటా. అంతకు ముందు రాత్రిళ్ళు ఇంట్లోనే మాట్లాడేదాన్ని. భస్మ బుధవారం నాడు పొద్దున నుదుటిన బూడిద పెట్టించుకోని, అదే రోజు సాయంత్రం మొదలుపెట్టినా. సిగ్గుపడ్డా. కానీ మాట్లాడినా.

ఫిబ్రవరి కార్డులన్నీ కట్టకట్టి పైఆఫీసుకి పంపినాం. మార్చి సగంలో మెయిలొచ్చింది. సారు దాన్ని కాయితం మీదకి దించి, టేబులు మీద పెట్టి, దాని ముందు అట్టనే కూర్చున్నారు. నేను టీ తెచ్చి పెట్టినా, చల్లారిపోయింది. ఏముందని తొంగి చూసినా. ఆకాశంలో మబ్బు లేదని మీరే రాసినారు, మరి నెల చివరి రోజుల్లో కార్డు మీద రోజూ నాలుగూ పది నుంచి నాలుగూ ముప్పై అయిదు దాకా గీత ఎందుకు తెగిపోయింది, కారణం తెలపండి అని ఉంది.

"ముప్పై ఏళ్ళు" అన్నారు సారు.

ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. గుండు పగిలిందేమోనని భూతద్దం పెట్టి చూసినారు. దిమ్మె ఒక పక్కకి ఒరిగిందేమోనని మట్టం పెట్టి చూసినారు. కాకి వాలుతుందేమోనని ఒకరోజు కాసేపు గొడుగేసుకోని కూర్చున్నారు, ఆ గొడుగు నీడతో ఆ పొద్దుటి కార్డు పాడైంది. నేను ఆయన వెనకాలే తిరుగుతా, మట్టం అందిస్తా, మెత్తటి గుడ్డతో గుండు తుడుస్తా, "ఎవడి దిష్టో సార్" అంటా ఉన్నా. ఒట్టు, నాకు అప్పటికి ఏమీ తెలీదు.

"నాలుగూ పదికి నువ్వు పైన ఉంటావా?" అని అడిగినారు ఒకసారి.

"నాలుగూ పదికా? అప్పుడు వాకిలి ఊడుస్తా ఉంటా సార్" అన్నా. నిజమే అది. నాలుగున్నరకి కదా నేను ఎక్కేది. అడగని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని అప్పుడు నా నమ్మకం. ఇంకో మాట, ఆ తెగిన గీతని రోజూ స్కేలు పెట్టి కొలిచి పుస్తకంలో రాసింది కూడా నేనే. కొలిచినా, రాసినా, ఆవలించినా, పుస్తకం మూసినా.

అప్పుడు సారు కన్ను టెంకాయ చెట్టు మీద పడింది.

మా ప్రహరీకి పడమటి పక్క ఒక అక్క ఇల్లు. ఆమె మొగుడు వేటకి పోతాడు, ఆమె చేపలమ్ముతుంది. ఆ చెట్టు మొదలు మా ఆఫీసు స్థలంలో, గోడకి అవతల మిగిలిన చిన్న ముక్కలో ఉంది. తల మాత్రం ఆ అక్క వాకిట్లోకి వంగి ఉంటుంది. దాని కిందనే కత్తిపీట వేసుకోని కూర్చుంటుంది ఆమె. ఊరంతా అక్కడికే వచ్చి చేపలు కోయించుకోని పోతుంది. వల చిరిగితే ఆ చెట్టుకే కట్టి అల్లుతారు. ఆ నీడ లేకపోతే మార్చి ఎండలో చేపలు గంట సేపు కూడా నిలవవు. చెట్టే ఆమె అంగడి.

"సాయంత్రం సూర్యుడు ఆ తట్టుకే వస్తాడు" అన్నారు సారు, వేలు చూపించి. "చెట్టు పెరిగింది. ఆకు అడ్డం వస్తా ఉంది. అంతే."

నాకూ అట్టనే అనిపించింది. చూడబోతే ఎంత తేలిగ్గా దొరికిందో కదా అనుకున్నా కూడా. ఒక మనిషిని పిలిపించి మా వైపు మట్టలు నాలుగు కొట్టించినారు. అక్క గోడ మీద నుంచి చూస్తా నిలబడింది.

"ఏం సార్, నా చెట్టుకి క్షవరం చేపిస్తా ఉండారు?"

"ఎండ కొలతకి అడ్డమొస్తా ఉందమ్మా."

"ఎండని కొలుస్తారా? దాన్ని కొలిచి ఏం చేస్తారు, తగ్గిస్తారా?"

సారు కింద పడిన మట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టినారు. ఆ అక్కకి జవాబు చెప్పగలిగినోళ్ళని నేను ఇంతవరకు చూళ్ళేదు.

మట్టలు కొట్టిన రోజు నుంచి మూడు రోజులు కార్డులు తళతళలాడినాయి. పొద్దున నుంచి సాయంత్రం దాకా గీత ఎక్కడా తెగలేదు. సారు మొహం చూడాల. నాకు కూడా లడ్డు తెప్పించినారు. నాలుగో రోజు మళ్ళీ తెగింది. అదే చోట, అంతే పొడవు.

"ఇంకో మట్ట వాలింది" అన్నారు సారు. "మట్టలతో అయ్యే పని కాదు. చెట్టే కొట్టెయ్యాల." మరుసటి రోజు పొద్దున్నే అనుమతికి రాసినారు. మా స్థలంలో చెట్టు కదా, వారంలోనే ఇచ్చేసినారు. గురువారం సాయంత్రం చెట్లు కొట్టే ఆయన వస్తానన్నాడు.

ఆ కబురు తెలిసినాక అక్క నన్ను గోడ దగ్గరికి పిలిచింది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, ఆ రోజు చేయలేదు.

"అమ్మణ్ణీ, మీ సార్‌కి నువ్వన్నా చెప్పు. ఎండాకాలం అయిపోయినాక కొట్టుకోమను. ఇప్పుడు పోతే నేను యాడ కూర్చోవాల? బజార్లో చోటిస్తారా నాకు?"

"పైనుంచి కాయితం వచ్చేసిందక్కా."

"కాయితం చేపలు కోస్తదా" అనింది. అని, తట్టలోంచి నాలుగు కానాగంత చేపలు తీసి నాకిచ్చింది. "లంచం కాదులే, మిగిలిపోయినాయి" అనింది. అది మంగళవారం. శ్రమకాలంలో మా ఇంట్లో మాంసమే మానేసింది, చేపలు కాదు. పులుసు బాగుంది గానీ నాకు సరిగా దిగలేదు.

బుధవారం పొద్దున మార్చి లెక్కల పని పెట్టుకున్నా. కార్డులన్నీ తారీఖుల వరసలో టేబులు మీద పరిచి, ఒక్కొక్కటి కొలుస్తా పోయినా. ఏడు కార్డులకొకటి శుభ్రంగా ఉంది. ఆరు తెగినవి, ఒకటి శుభ్రం. ఆరు తెగినవి, ఒకటి శుభ్రం. క్యాలెండర్ చూసినా. నాలుగు కార్డులు తప్ప శుభ్రంగా ఉన్నవన్నీ ఆదివారాలు.

మొదట నవ్వొచ్చింది. టెంకాయ చెట్టుకి ఆదివారం సెలవేందబ్బా అనుకున్నా. తర్వాత ఆ మూడు రోజులు చూసినా, మట్టలు కొట్టినాక వచ్చిన మంచి కార్డులు. ఆ మూడు రోజులూ బోగోలు అబ్బాయి సంగం ఊళ్ళో ఉన్నాడు. వాళ్ళ చిన్నమ్మ ఇంటికి స్లాబు వేస్తా ఉంటే పోయినాడు, ఆ మిక్సరు మోతలో ఫోన్ చేయలేదు. ఇంకో మంచి కార్డు ఉంది, నేను పన్ను నొప్పని ఆఫీసుకి రాని రోజుది. ఫిబ్రవరిలో మొదటి తెగిన కార్డు ఏ రోజుదో పుస్తకం తీసి చూసినా. భస్మ బుధవారం.

పుస్తకం మూసి మళ్ళీ తెరిచినా, అదే తారీఖు. కానీ మనసు ఒప్పుకోవాలి కదా. నేను పైకెక్కేది నాలుగున్నరకి, కార్డు తెగేది నాలుగూ పదికి. ఇరవై నిమిషాల తేడా ఉంది. ఆ ఇరవై నిమిషాలే నన్ను కాపాడతాయని, సారు దగ్గరికి పోయి చాలా మామూలుగా అడిగినా.

"సార్, కార్డు మీద గంటలు మన గడియారం గంటలే కదా?"

సారుకి ఇట్టాంటి ప్రశ్నలంటే ప్రాణం. కుర్చీ చూపించినారు. "మన గడియారం దేశానికంతా ఒకటే. సూర్యుడు అట్టా కాదు, ఒక్కో ఊరికి ఒక్కో వేళకి వస్తాడు. మన ఊరికి మిట్టమధ్యాహ్నం గడియారంలో పన్నెండూ ఇరవైకి దగ్గర అవుతుంది ఈ నెలల్లో. కార్డు సూర్యుడి టైము చెప్తుంది. కార్డు మీద నాలుగూ పది అంటే గడియారంలో..."

"నాలుగున్నర" అన్నా నేను.

"భలే. తెలివైన పిల్లవి" అన్నారు సారు.

ఆ తెలివి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు. నెల రోజులకి పైన నా తలకాయ నీడ ఎండకార్డు మీద మబ్బై కూర్చుంది. నేనే అడ్డం పడినా, నేనే కొలిచినా, నేనే రాసినా. ఇప్పుడు దానికి ఒక చెట్టు పోతా ఉంది.

చెప్పేయొచ్చు. చెప్తే ఆయన సంఘ పెద్ద. శ్రమకాలం మొదలైనప్పటి నుంచి ఆ పిల్లోడితో ఫోను మానలేదని ఆయనకి తెలిస్తే, ఆదివారం పక్క బెంచీకి తెలుస్తుంది. పక్క బెంచీకి తెలిస్తే ఆ సాయంత్రానికి బోగోలుకి తెలుస్తుంది, మా అమ్మ గొంతుతో. ఇంకొకటి, ముప్పై ఏళ్ళ పరిశీలకుడి దగ్గర పనిచేసే సహాయకురాలు గుండుకి ఆనుకోని నిలబడి ఫోన్ మాట్లాడిందని కాయితం మీద పడుతుంది. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం.

అందుకని నేను చెప్పకుండా చెప్పాలని చూసినా. ఆదివారం కార్డులు మాత్రం తీసి, కట్టకి పైన పెట్టి, సారు ముందు పెట్టినా. ఆయన కట్టని తిరగేసి కింద నుంచి చూసినారు. "సార్, చెట్టు ఆదివారం నీడ ఇయ్యదేమో" అన్నా, నవ్వుతా. "జోకులు పెట్టె బయట" అన్నారు. ఆ రోజు నేను మిద్దె ఎక్కలేదు. కార్డు శుభ్రంగా వచ్చింది. చూపించినా. "గాలికి మట్ట పక్కకి పోయుంటుంది. రేపు కొట్టేస్తారుగా, ఇంక ఆ బాధ ఉండదు" అన్నారు. చెట్టు మీద అంత నమ్మకం కుదిరిపోయింది ఆయనకి.

గురువారం నాలుగ్గంటలకి చెట్లు కొట్టే ఆయన వచ్చినాడు. నడుముకి తాడు, చేతిలో గొడ్డలి. అక్క కత్తిపీట ఎత్తిపెట్టి, తట్టలన్నీ ఇంటి గోడకి ఆనించి, ఎండలో నిలబడి ఉంది. ఏడవలేదు. "పడేటప్పుడు మా గోడ మీద పడకుండా చూడన్నా" అని మాత్రం చెప్పింది. ఆ మాటకి నాలో ఏదో తెగింది. ఆమె తిట్టుంటే నేను ఇంకొంచెం సేపు ఓర్చుకునేదాన్ని.

"సార్, ఒకసారి మిద్దె మీదకి రాండి" అన్నా.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాలుగూ ఇరవై అయింది."

ఆయన వచ్చినారు. ఆయన వెనకాల అక్క వచ్చింది, పిలవకుండానే. ఏం జరుగుతుందోనని గొడ్డలి భుజాన పెట్టుకోని చెట్లాయన కూడా ఎక్కినాడు. గుండు వెనకాల కార్డు కాలతా ఉంది. దగ్గరికి పోయి చూస్తే సన్నటి పొగ కనపడుతుంది, అగరొత్తి చివర లేచేంత.

"పొగ చూస్తా ఉండండి సార్" అని, నేను పోయి నా చోట నిలబడినా. పడమటి పక్క, మోచేయి దిమ్మె మీద, మొహం సముద్రం తట్టు. పొగ ఆగిపోయింది. పక్కకి జరిగినా. కాసేపటికి పొగ లేచింది. మళ్ళీ నిలబడినా. ఆగిపోయింది.

సారు కార్డు మీదికి వంగినారు.

"ఇదేంది?" అన్నారు సారు.

"ఏ మబ్బన్నా భస్మ బుధవారం మొదలై, ఆదివారాలు రాకుండా ఉంటుందా సార్?" అన్నా. "ఇక్కడే ఫోను పలికేది. రోజూ నాలుగున్నరకి."

ఆయన సంఘ పెద్ద కదా, ఆ లెక్క ఇంకొకరైతే విప్పుకునేదానికి సేపు పట్టేది. ఆయనకి ఒక్క క్షణం పట్టింది. నన్ను చూసినారు. కార్డు చూసినారు. చెట్టు తట్టు చూసినారు. నేను తలకాయ వంచుకోని, పడబోయే మాటల కోసం చూస్తా ఉన్నా.

"దొరికింది" అన్నారు.

తిట్టే గొంతు కాదు. ఇంట్లో ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న తాళంచెవి దొరికినప్పుడు వచ్చే గొంతు. కళ్ళజోడు తీసి తుడుచుకోని మళ్ళీ పెట్టుకున్నారు. జేబులోంచి పెన్సిలు తీసినారు. అప్పుడే నా చేతిలో ఫోను మోగింది. నాలుగున్నర.

నేను కట్ చేయబోయినా.

"ఆగు" అన్నారు సారు. "ఎత్తు. రోజూ ఎట్టా నిలబడతావో అట్టనే నిలబడు. ఎంతసేపు మాట్లాడతావో అంతసేపు మాట్లాడు. గీత ఎక్కడ తెగి ఎక్కడ కలుస్తుందో చూడాల. ఊరికే చెప్తే చాలదు, రుజువు కావాల."

"మీ ముందరా సార్?"

"నేనిక్కడ పరిశీలకుణ్ణి. సంఘ పెద్దని ఆదివారం" అన్నారు, గడియారం చూసుకుంటా.

అక్క పిట్టగోడ మీద సర్దుకోని కూర్చుంది, సినిమాకొచ్చినట్టు. "ఎత్తు అమ్మణ్ణీ, పాపం ఆ పిల్లోడు ఎంతసేపు చూస్తాడు" అనింది. చెట్లాయన గొడ్డలి కింద పెట్టి ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఎత్తినా. నా పాత ఫోనులో అవతలి గొంతు పక్కోళ్ళకి కూడా వినపడుతుంది. ఆ పొద్దు మా ఆయన కాబోయే మనిషికి ఏం గాలి సోకిందో, ప్రధానం అయినాక మొదటిసారి తనంతట తను మాట్లాడటం మొదలుపెట్టినాడు. పెళ్ళయినాక ఇంట్లో బీరువా ఏ గోడకి పెట్టాలో చెప్పినాడు. నాకు ఏ రంగు చీర నప్పుతుందో చెప్పినాడు. నేను ఊ కొట్టినా. ఇంకా ఊ కొట్టినా.

"ఏమైంది, ఈ రోజు నువ్వు మాట్లాడవే?"

"గొంతు నొప్పి" అన్నా.

"ఎండకి పైన నిలబడకు, తల కాలుతుంది" అన్నాడు. దిమ్మె అవతల సారు తల ఊపి కార్డు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టినారు. పది నిమిషాలయింది. నేను కాలు మార్చుకుంటే, "కదలొద్దు" అని సైగ చేసినారు. పదిహేను నిమిషాలకి నేను ముగించబోతే సారు వేళ్ళతో ఇంకా పది అని చూపించినారు. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చెట్లాయన మర్యాద తెలిసినవాడు, సముద్రం తట్టు తిరిగి కూర్చున్నాడు, భుజాలు మాత్రం ఊగతా ఉన్నాయి. ఆ పది నిమిషాలు నేను ఇంజన్ల గురించి ప్రశ్నలడిగినా. ఏ ఇంజను ఎన్ని లీటర్లు తాగుతుందో నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

ఐదుకి అయిదు తక్కువలో ఫోను పెట్టి పక్కకి జరిగినా. గుండు వెనకాల పొగ మళ్ళీ లేచింది. సారు వంగి చూసినారు. తెగిన గీతకి స్కేలు పెట్టి, ఫిబ్రవరి పుస్తకంలో నేను రాసిన లెక్క పక్కన పెట్టి చూసినారు. వెంట్రుకంత తేడా కూడా రాలేదు.

"రోజూ పాతిక నిమిషాలే. ఇంత కచ్చితంగా మాట్లాడేవాళ్ళని నేను చూళ్ళేదు" అన్నారు.

"వాళ్ళకి టీ బ్రేకు అంతే సార్."

చెట్లాయన లేచి నిలబడి, చెట్టు తట్టూ సారు తట్టూ చూసినాడు. "మరి నా పని?"

"చెట్టు కాదు" అన్నారు సారు. "చెట్టుది కాదు తప్పు." ఆ మాట ఆయన అక్క వైపు చూసి అనలేకపోయినారు, దిమ్మెతో అన్నట్టు అన్నారు. అక్క పిట్టగోడ దిగింది. "ఎక్కేదానికి ఎట్టాగూ తాడు తెచ్చుకున్నావు గదన్నా, నాలుగు బోండాలు దింపు, సార్‌కి కూడా గొంతు ఎండింది" అనింది. మట్టలు కొట్టించినందుకు ఒక్క మాట కూడా అనలేదు ఆ రోజు. మరుసటి రోజు నుంచి అనింది, ఇప్పటికీ అంటా ఉంది.

పైఆఫీసుకి జవాబు సారే చెప్తా ఉంటే నేను రాసినా. "కారణం: పరిశీలన కేంద్రం సహాయకురాలి తల" అని చెప్పినారు. నేను పెన్ను ఎత్తి చూసినా. కాసేపు ఆలోచించి, "తల వద్దు, నీడ అని రాయి" అన్నారు. ముప్పై ఏళ్ళలో మొదటి కాయితం కదా, దాని కింద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి బరువుగా ఉంటుందనుకున్నా. చాలా అందంగా పెట్టినారు, కింద ఒక గీత కూడా గీసినారు. చెట్టుకిచ్చిన అనుమతి రద్దు చేయమని ఇంకో కాయితం కూడా రాయించినారు.

ఆదివారం చర్చిలో ఆయన పక్క బెంచీలో కూర్చోని పాట పుస్తకం తిరగేస్తా ఉంటే, నేను ఆరాధన అంతా ఆయన నోటినే చూసినా. అది పాడడానికి తప్ప తెరుచుకోలేదు. బయటికొచ్చేటప్పుడు మా అమ్మ ఆయన్ని ఆపి, "మా పిల్ల పని బాగా చేస్తుందా అన్నా" అని అడిగింది.

"లెక్కలో తేడా రానియ్యదమ్మా" అన్నారు సారు.

మిగిలిన శ్రమకాలం నేను ఫోను నిజంగానే మానేసినా. భక్తితో కాదు, ఆ మిద్దె మీద నిలబడితే నవ్వొస్తుందని. బోగోలు అబ్బాయికి గొంతు నొప్పి తగ్గలేదని చెప్పి పంపినా. పెళ్ళయిన వారానికి అసలు సంగతి చెప్పేసినా. అంతా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగినాడు.

"బీరువా మాట ఆ చెట్లు కొట్టే ఆయన కూడా విన్నాడా?"